పాయింట్లు సమానమైతే కప్పు ఎవరిది? ఫుట్‌బాల్ పోటీల్లో విజేతను తేల్చే లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

లీగ్ ఆఖరి రోజున ఒక చేత్తో ఫోన్లో స్కోరు చూస్తూ, ఇంకో చేత్తో కాగితం మీద గోల్ తేడాలు లెక్కేసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ లెక్క తప్పేది కూడికల్లో కాదు, ఒక పోటీ నియమాన్ని తెచ్చి ఇంకో పోటీకి వేయడంలో. ఇంగ్లండ్‌లో చెల్లే లెక్క స్పెయిన్‌లో చెల్లదు. నిన్నటి ప్రపంచకప్ నియమం రేపటి ప్రపంచకప్‌లో ఉండకపోవచ్చు. అందుకే కింద ప్రతి జవాబులోనూ ఏ పోటీ, ఏ సీజన్ అన్నది చెప్పాం. కాలేజీలోనో ఊళ్లోనో టోర్నమెంట్ పెట్టేవాళ్లు అడిగే ప్రశ్నలు చివర్లో ఉన్నాయి.

లీగ్, నాకౌట్ రెండిటికీ అసలు తేడా ఏమిటి?

లీగ్‌లో అందరూ అందరితో ఆడతారు, చివరికి ఎక్కువ పాయింట్లున్న జట్టు గెలుస్తుంది. ఫైనల్ ఉండదు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు, ఒక్కో జట్టుకు 38 మ్యాచులు, మొత్తం 380. నాకౌట్‌లో ఓడిన జట్టు ఇంటికి వెళ్తుంది. లీగ్‌లో డ్రా అయితే తలో పాయింటు పంచుకుని వెళ్లొచ్చు గానీ నాకౌట్‌లో ఆ రోజే తేలాలి. పెనాల్టీ షూటౌట్ అవసరం పడింది అందుకే.

ప్రపంచకప్ ఈ రెండిటి కలయిక. 2026లో 48 జట్లు, నాలుగేసి జట్ల 12 గ్రూపులు. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లు, వాటితో పాటు మూడో స్థానాల్లో మెరుగైన ఎనిమిది కలిసి 32 జట్ల నాకౌట్‌కు వెళ్లే ఏర్పాటు.

గెలుపుకు మూడు పాయింట్లు మొదటి నుంచీ ఉన్నాయా?

లేవు. ముందు రెండే ఉండేవి. ఇంగ్లండ్ లీగ్ 1981లో మూడుకు మారింది, ప్రపంచకప్ 1994లో మారింది. పాత విధానంలో రెండు డ్రాలు ఒక గెలుపుతో సమానం. దాంతో డ్రా కోసం ఆడే జట్లు ఎక్కువయ్యాయి. ఇప్పుడు ఒక గెలుపు, రెండు ఓటములకు వచ్చే ఫలం మూడు డ్రాలతో సమానం.

రెండు జట్ల పాయింట్లు సమానమైతే ముందుగా ఏం చూస్తారు?

ఎక్కువ పొరపాట్లు జరిగే ప్రశ్న ఇదే. జవాబు లీగ్‌ను బట్టి మారుతుంది.

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ముందు గోల్ తేడా (వేసిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది), తర్వాత వేసిన గోల్స్, ఆ తర్వాతే ఆ రెండు జట్ల ముఖాముఖి ఫలితాలు. 2011-12లో మాంచెస్టర్ సిటీ, మాంచెస్టర్ యునైటెడ్ రెండూ 89 పాయింట్ల దగ్గర ఆగాయి. సిటీ గోల్ తేడా +64, యునైటెడ్‌ది +56. టైటిల్ సిటీకి వెళ్లింది. ఆ ఆఖరి రోజున క్వీన్స్ పార్క్ రేంజర్స్ మీద ఇంజురీ టైమ్‌లో (90 నిమిషాల తర్వాత కలిపే నిమిషాల్లో) అగ్వేరో వేసిన గోల్ సిటీని 89కి చేర్చింది. అదే లేకపోతే 87తో రెండో స్థానం.

అంతకన్నా సన్నటి తేడాతో తేలింది 1988-89. ఆర్సెనల్, లివర్‌పూల్ రెండిటికీ 76 పాయింట్లు, రెండిటికీ గోల్ తేడా +37. ఆర్సెనల్ 73 వేసి 36 ఇచ్చింది, లివర్‌పూల్ 65 వేసి 28 ఇచ్చింది. ఎక్కువ గోల్స్ వేసినందుకు కప్పు ఆర్సెనల్‌కు దక్కింది. 1989 మే 26న లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో, లివర్‌పూల్ మీదే ఆర్సెనల్‌కు రెండు గోల్స్ తేడాతో గెలుపు కావాలి. ఆ రెండో గోల్ మైకేల్ థామస్ ఇంజురీ టైమ్‌లో వేశాడు. ఒక్క గోల్‌తో గెలిచి ఉంటే టైటిల్ లివర్‌పూల్‌దే అయ్యేది.

స్పెయిన్ లా లిగాలో ముందు చూసేది ముఖాముఖి. 2006-07లో రియల్ మాడ్రిడ్, బార్సిలోనా చెరో 76 పాయింట్లు. బార్సిలోనా గోల్ తేడా +45, రియల్‌ది కేవలం +26. ఇంగ్లండ్ లెక్కన బార్సిలోనాయే ఛాంపియన్. కానీ రియల్ తన మైదానంలో 2-0తో గెలిచి, బార్సిలోనా మైదానంలో 3-3 డ్రా చేసుకుంది. టైటిల్ రియల్‌కు వెళ్లింది.

ఇటలీలో టైటిల్ దగ్గర రెండు జట్లు సమానమైతే 2022-23 నుంచి ఒక ప్లేఆఫ్ మ్యాచ్ పెడతారు. అమెరికాలో మేజర్ లీగ్ సాకర్ చూసే మనవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: అక్కడ పాయింట్ల తర్వాత చూసేది ఎన్ని మ్యాచులు గెలిచారన్నది. గోల్ తేడా దాని తర్వాతే.

గోల్ తేడా, గోల్ సగటు ఒకటేనా?

కాదు. గోల్ తేడా అంటే వేసిన వాటిలోంచి ఇచ్చిన వాటిని తీసివేయడం. గోల్ సగటు అంటే వేసిన వాటిని ఇచ్చిన వాటితో భాగించడం. 1964-65లో మాంచెస్టర్ యునైటెడ్, లీడ్స్ చెరో 61 పాయింట్లతో ముగిస్తే యునైటెడ్ 89ని 39తో, లీడ్స్ 83ని 52తో భాగించి తేల్చారు. 2.28, 1.60. సగటు పద్ధతిలో గోల్ వేయడం కన్నా గోల్ ఇవ్వకపోవడానికి విలువ ఎక్కువ. ఇంగ్లండ్ 1976-77లో దాన్ని వదిలేసింది. ఇప్పుడు ఎవరైనా సగటు అంటే బహుశా వాళ్ల ఉద్దేశం తేడాయే. అయినా రూల్స్ కాగితంలో ఏ మాట ఉందో చూసుకోండి.

మూడు జట్లు ఒకే పాయింట్ల మీద ఉంటే ముఖాముఖి ఎలా చూస్తారు?

ఆ మూడు జట్ల మధ్య జరిగిన మ్యాచులు మాత్రమే తీసుకుని చిన్న పట్టిక వేస్తారు. మిగతా మ్యాచులు లేనట్టే. దీన్ని ఊహించిన ఉదాహరణతో చూస్తే బాగా అర్థమవుతుంది. గుంటూరు, వరంగల్, కడప, నెల్లూరు ఒక గ్రూపు అనుకోండి. ఫలితాలు ఇవి:

గుంటూరు 1, వరంగల్ 0
వరంగల్ 2, కడప 0
కడప 1, గుంటూరు 0
గుంటూరు 1, నెల్లూరు 0
వరంగల్ 1, నెల్లూరు 0
కడప 6, నెల్లూరు 0

మూడు జట్లకూ ఆరేసి పాయింట్లు. ముందుకు వెళ్లేది రెండే.

మొత్తం గోల్ తేడా చూస్తే కడప 7 వేసి 2 ఇచ్చింది, +5. వరంగల్ 3 వేసి 1 ఇచ్చింది, +2. గుంటూరు 2 వేసి 1 ఇచ్చింది, +1. కడప, వరంగల్ వెళ్తాయి, గుంటూరు ఇంటికి.

ఇప్పుడు నెల్లూరు మ్యాచులు పక్కన పెట్టండి. చిన్న పట్టికలో మూడిటికీ మూడేసి పాయింట్లు మిగులుతాయి. వరంగల్ 2 వేసి 1 ఇచ్చింది, +1. గుంటూరు 1 వేసి 1 ఇచ్చింది, సున్నా. కడప 1 వేసి 2 ఇచ్చింది, -1. వరంగల్, గుంటూరు వెళ్తాయి, కడప ఇంటికి.

ఒక్క గోల్ కూడా మారలేదు. మారింది రూల్స్ కాగితంలో రెండు వాక్యాల వరుస. ఇంకో చిక్కు: చిన్న పట్టికలో ఒక జట్టు విడిపోయి రెండు మిగిలితే, కొన్ని పోటీల్లో ఆ రెండిటికీ మళ్లీ మొదటి నుంచి ముఖాముఖి లెక్క వేస్తారు, కొన్నిటిలో తర్వాతి నియమానికి వెళ్తారు. యూరప్ సమాఖ్య పోటీల్లో మళ్లీ వేస్తారు. మీ నియమావళిలో ఈ వాక్యం లేకపోతే గొడవ ఖాయం.

మరి ఈ రెండిటిలో ఏది న్యాయం?

సుదీర్ఘ లీగ్‌కు గోల్ తేడా న్యాయంగా ఉంటుందని మా అభిప్రాయం. 38 మ్యాచుల శ్రమ మొత్తం అందులో కనిపిస్తుంది. నాలుగు జట్ల గ్రూపుకు మాత్రం ముఖాముఖి మేలు. పై ఉదాహరణలో కడపను నిలబెట్టింది బలహీనమైన నెల్లూరు మీద వేసిన ఆరు గోల్స్. చిన్న గ్రూపులో ఒక బలహీన జట్టు ఉంటే ఎవరు దాన్ని ఎక్కువ చితక్కొడతారన్న పోటీ మొదలవుతుంది. ఆ జట్టు ఆఖరి మ్యాచుకు సగం మందితో వస్తే లెక్క ఇంకా పాడవుతుంది.

ప్రపంచకప్ గ్రూపుల్లో వరుస ఏమిటి? పసుపు కార్డులు కూడా లెక్కేస్తారా?

2018, 2022 ప్రపంచకప్‌లలో పాయింట్లు, మొత్తం గోల్ తేడా, మొత్తం గోల్స్, తర్వాత ముఖాముఖి, తర్వాత ఫెయిర్ ప్లే (కార్డుల లెక్క), ఏదీ తేల్చకపోతే చీటీ. 2026కి ఫిఫా ఈ వరుస మార్చింది. ముఖాముఖి ముందుకు వచ్చింది, చీటీ బదులు ఫిఫా ర్యాంకింగ్ పెట్టారు.

కార్డులు నిజంగానే జాతకం మార్చాయి. 2018లో జపాన్, సెనెగల్ రెండిటికీ నాలుగు పాయింట్లు, రెండూ నాలుగు గోల్స్ వేసి నాలుగు ఇచ్చాయి, వాటి మధ్య మ్యాచ్ 2-2. జపాన్‌కు నాలుగు పసుపు కార్డులు, సెనెగల్‌కు ఆరు. జపాన్ ముందుకు వెళ్లింది. ఆఖరి మ్యాచులో పోలండ్ మీద 0-1తో ఓడిపోతూ కూడా జపాన్ ఆటగాళ్లు చివరి నిమిషాల్లో బంతిని వెనక్కీ పక్కకీ తిప్పుతూ ఉండిపోవడానికి కారణం అదే. గోల్ కోసం వెళ్తే ఫౌల్, ఫౌల్‌కు కార్డు.

లెక్క ఇలా వేస్తారు: పసుపు కార్డుకు 1, రెండో పసుపుతో వచ్చిన ఎరుపుకు 3, నేరుగా ఎరుపుకు 4, పసుపు తర్వాత నేరుగా ఎరుపుకు 5 తీసివేత. ఒక ఆటగాడికి ఒక మ్యాచులో వీటిలో ఒక్కటే వేయాలి. రెండో పసుపుతో బయటికి వెళ్లినవాడికి 1, 1, 3 కలిపి 5 వేసేయడం స్కోరర్లు తరచు చేసే తప్పు. వేయాల్సింది 3.

చీటీ వేసిన సందర్భం 1990లో ఉంది. ఐర్లండ్, నెదర్లాండ్స్ అన్నిట్లోనూ సమానం కాబట్టి చీటీ తీస్తే ఐర్లండ్‌కు రెండో స్థానం వచ్చింది. రెండూ ముందుకే వెళ్లాయి గానీ ప్రత్యర్థులు మారిపోయారు.

గ్రూపు ఆఖరి మ్యాచులు రెండూ ఒకే సమయానికి ఎందుకు మొదలవుతాయి?

1982లో స్పెయిన్‌లోని గిజోన్‌లో జరిగినదాని వల్ల. అల్జీరియా తన మ్యాచులన్నీ ముందే ముగించేసింది. మర్నాడు ఆడిన పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియాలకు ఎంత స్కోరుతో ఇద్దరూ గట్టెక్కుతారో తెలుసు. జర్మనీ తొలి పావుగంటలోనే గోల్ వేసింది, ఆ తర్వాత ఎవరూ గట్టిగా ఆడలేదు. 1-0తో రెండూ ముందుకు, అల్జీరియా బయటికి. 1986 నుంచి ఆఖరి మ్యాచులు ఒకేసారి పెడుతున్నారు. మైదానం ఒక్కటే ఉన్న చిన్న టోర్నమెంట్లలో ఇది కుదరదు. అప్పుడు కనీసం అవే రెండు మ్యాచులను వెంటవెంటనే పెట్టండి, మధ్యలో రాత్రి రానివ్వకండి.

బయటి మైదానంలో వేసిన గోల్‌కు ఇంకా రెట్టింపు విలువ ఉందా?

యూరప్ సమాఖ్య పోటీల్లో లేదు. 2021-22 నుంచి ఎత్తేశారు. ఇంటా బయటా రెండు మ్యాచుల స్కోరు కూడితే సమానమైతే ఇప్పుడు అదనపు సమయం, తర్వాత పెనాల్టీలు. 2018-19 ఛాంపియన్స్ లీగ్ సెమీస్‌లో అజాక్స్ మీద టాటెనమ్ 0-1తో ఓడి, ఆమ్‌స్టర్‌డామ్‌లో 3-2తో గెలిచింది. మొత్తం 3-3. బయట మూడు వేసినందుకు టాటెనమ్ ఫైనల్‌కు వెళ్లింది. నేటి నియమమైతే ఆ మ్యాచ్ ఇంకో అరగంట నడిచేది.

అదనపు సమయంలో గోల్ పడగానే ఆట ఆగిపోతుందా?

ఆగదు. చెరో 15 నిమిషాల రెండు భాగాలూ పూర్తిగా ఆడాలి. గోల్ పడగానే ముగిసే గోల్డెన్ గోల్ పద్ధతి ఒకప్పుడు ఉండేది. 1996 యూరో (యూరప్ దేశాల కప్పు) ఫైనల్‌లో బీర్‌హోఫ్, 2000లో ట్రెజెగే వేసినవి అవే. 2004 తర్వాత దాన్ని తీసేశారు.

పెనాల్టీ షూటౌట్ మొదటి నుంచి చివరి వరకు ఎలా నడుస్తుంది?

మొదట రెఫరీ టాస్ వేస్తాడు, అది ఏ గోల్‌పోస్టు దగ్గర కొట్టాలో తేల్చడానికి. నేల పాడైతేనో భద్రత సమస్య ఉంటేనో టాస్‌తో పని లేకుండా రెఫరీయే పోస్టు ఎంచుకోవచ్చు. రెండో టాస్ గెలిచినవాళ్లు ముందు కొట్టాలా తర్వాత కొట్టాలా చెప్తారు. రెండు టాస్‌లూ ఒకటే అనుకుని ఒక్కసారి వేసి ఊరుకోవడం స్థానిక మ్యాచుల్లో తరచు జరుగుతుంది.

కొట్టడానికి అర్హత మ్యాచ్ ముగిసేసరికి మైదానంలో ఉన్నవాళ్లకే. బెంచీ మీద ఉన్న మంచి షూటర్‌ను ఇప్పుడు దించడం కుదరదు, ఆఖరి విజిల్‌కు ముందే దించి ఉండాలి. ఒక జట్టులో ఎరుపు కార్డు వల్ల పది మందే ఉంటే రెండో జట్టు కూడా ఒకరిని పక్కన పెట్టి పదికి తగ్గాలి. లేకపోతే పదకొండో కిక్కు పదకొండు మంది ఉన్న జట్టులో బలహీనుడికి, పది మందే ఉన్న జట్టులో మళ్లీ అందరికన్నా మంచి షూటర్‌కు వస్తుంది.

చెరో ఐదు, ఒకరి తర్వాత ఒకరు. మిగిలిన కిక్కులన్నీ వేసినా అందుకోలేని తేడా వస్తే అక్కడితో ఆపేస్తారు. ఐదు తర్వాత సమానమైతే చెరొకటి కొడుతూ తేడా వచ్చేదాకా కొనసాగిస్తారు. జట్టులో అర్హులందరూ కొట్టేదాకా ఎవరూ రెండోసారి కొట్టకూడదు. ఎవరు ఎన్నోవాడో ముందుగా రెఫరీకి చెప్పనక్కర్లేదు.

గోల్‌కీపర్ పాదంలో కొంతైనా బంతిని తన్నే క్షణాన గోల్ గీత మీద ఉండాలి. కీపర్ ఆపిన బంతి వెనక్కి వస్తే మళ్లీ తన్నకూడదు, అక్కడితో ఆ కిక్కు అయిపోయింది. తన్నేవాడు జారి బంతి రెండు కాళ్లకూ తగిలి లోపలికి వెళ్తే, అది పొరపాటున జరిగిందైతే మళ్లీ కొట్టిస్తారు. 2025 మార్చిలో ఛాంపియన్స్ లీగ్‌లో అట్లెటికో మాడ్రిడ్ ఆటగాడు జూలియన్ అల్వారెజ్ కిక్కును రద్దు చేశాక నియమాల మండలి ఈ వివరణ ఇచ్చింది. మ్యాచులో వచ్చిన పసుపు కార్డు షూటౌట్‌లోకి రాదు.

షూటౌట్ 1970లో నియమావళిలోకి వచ్చింది. అంతకు ముందు, 1968 యూరో సెమీస్‌లో ఇటలీ, సోవియట్ యూనియన్ 0-0 అయితే నాణెం ఎగరేసి ఇటలీని ఫైనల్‌కు పంపారు. 2022 దాకా జరిగిన పురుషుల ప్రపంచకప్‌లలో 1994, 2006, 2022 ఫైనల్స్ షూటౌట్‌తో తేలాయి.

అందరూ కొట్టేశాక కూడా సమానమైతే టాస్ వేయొచ్చా?

వేయకూడదు. మళ్లీ మొదటి నుంచి అందరూ కొట్టాలి. రెండో విడతలో కొట్టేవాళ్ల వరుస మార్చుకోవచ్చు.

ఇది తెలియకపోతే ఏమవుతుందో 2024 ఫిబ్రవరి 8న ఢాకాలో చూశాం. దక్షిణాసియా అండర్-19 మహిళల ఫైనల్‌లో భారత్, బంగ్లాదేశ్ 1-1. షూటౌట్‌లో రెండు జట్ల పదకొండు మందీ గోల్ కొట్టారు, 11-11. అక్కడ మ్యాచ్ కమిషనర్ టాస్ వేయించారు. టాస్ భారత్ గెలిచింది, మన అమ్మాయిలు సంబరాలు చేసుకున్నారు. బంగ్లాదేశ్ ఒప్పుకోలేదు. నియమం చూస్తే టాస్ చెల్లదు, షూటౌట్ కొనసాగాలి. కానీ అప్పటికే భారత జట్టు మైదానం వీడింది. చివరికి ఇద్దరినీ ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు. ఇరవై రెండు కిక్కుల్లో ఒక్కటీ తప్పని అమ్మాయిలకు తుది తీర్పు మైదానంలో దొరకలేదు. ఆ రోజు ఎవరైనా నియమావళి పదో నిబంధన తెరిచి చూసి ఉంటే చాలు.

షూటౌట్‌లో కొట్టినవి గోల్స్ లెక్కలోకి వస్తాయా?

రావు. 2022 ఫైనల్ రికార్డుల్లో 3-3 డ్రాయే, అర్జెంటీనా షూటౌట్‌లో 4-2. మెస్సీకి ఆ టోర్నీలో 7 గోల్స్, ఎంబాపేకు 8. ఆ రాత్రి షూటౌట్‌లో కొట్టినవి అందులో లేవు.

ఒకే లీగ్‌లో షీల్డ్, కప్పు రెండూ ఎందుకు? అసలు ఛాంపియన్ ఎవరు?

ఇండియన్ సూపర్ లీగ్‌లో లీగ్ దశలో మొదటి స్థానంలో నిలిచిన జట్టుకు 2019-20 నుంచి షీల్డ్ ఇస్తున్నారు. మొదటిది ఎఫ్‌సీ గోవాకు దక్కింది. 2024-25 వరకు ఆపైన ప్లేఆఫ్‌లు ఆడి ఫైనల్ గెలిచినవాళ్లకు కప్పు ఇచ్చారు. 2022-23 నుంచి 2024-25 వరకు మొదటి రెండు జట్లు నేరుగా సెమీస్‌కు, మూడు నుంచి ఆరు దాకా ఒక్కో మ్యాచ్ ఎలిమినేటర్‌కు.

మనవాళ్లకు బాగా గుర్తుండేది 2021-22. లీగ్ దశలో జంషెడ్‌పూర్ 43 పాయింట్లతో షీల్డ్ గెలిచింది, హైదరాబాద్ ఎఫ్‌సీ 38తో రెండోది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ముందు గోల్ వేస్తే 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. షూటౌట్‌లో కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో కప్పు హైదరాబాద్‌కు వచ్చింది. ఆ సీజన్ రికార్డులో రెండు పేర్లూ ఉంటాయి, రెండూ నిజమే. నిలకడకు షీల్డ్, ఆఖరి వారాల్లో నిలబడినందుకు కప్పు. 2024-25లో మోహన్ బగాన్ రెండూ గెలిచింది.

అమెరికాలో సపోర్టర్స్ షీల్డ్, ఎంఎల్ఎస్ కప్ కూడా ఇలాంటివే. 2024లో షీల్డ్ ఇంటర్ మయామీకి, కప్పు ఎల్ఏ గెలాక్సీకి.

ఉమ్మడి విజేతలను ప్రకటించడం మామూలేనా?

ఇప్పుడు అరుదు. షూటౌట్ రాకముందు, ఫైనల్ డ్రా అయితే మళ్లీ ఆడించేవాళ్లు, అదీ డ్రా అయితే పంచేవాళ్లు. 1960 డ్యూరాండ్ కప్‌ను మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అలాగే పంచుకున్నాయి.

మైదానంలో తేలిన ఫలితం తర్వాత మారుతుందా?

మారుతుంది. అర్హత లేని ఆటగాడిని ఆడిస్తే ఆ మ్యాచును ప్రత్యర్థికి 3-0గా రాస్తారు. మైదానంలో తేడా అంతకన్నా ఎక్కువ ఉంటే ఆ స్కోరే నిలుస్తుంది. మన దేశంలో రెండో శ్రేణి లీగ్ అయిన ఐ-లీగ్ 2024-25లో ఇలాంటి వివాదాలతోనే తలకిందులైంది. భారత ఫుట్‌బాల్ సమాఖ్య ముందు చర్చిల్ బ్రదర్స్‌ను ఛాంపియన్‌గా ప్రకటించింది. ఇంటర్ కాశీ అప్పీలుకు వెళ్తే 2025 జూలైలో స్విట్జర్లండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం టైటిల్ ఇంటర్ కాశీదేనని తీర్పు ఇచ్చింది. ఇటలీలో 2006 కుంభకోణం తర్వాత యువెంటస్ రెండు టైటిళ్లు పోగొట్టుకుంది. 2004-05 ఖాళీగా ఉంచారు, 2005-06 ఇంటర్‌కు ఇచ్చారు.

సీజన్ మధ్యలో ఆగిపోతే? 2019-20లో కోవిడ్ వల్ల ఫ్రాన్స్ మ్యాచుకు సగటు పాయింట్లు లెక్కేసి పారిస్ సెయింట్ జర్మెన్‌ను ఛాంపియన్ చేసింది. నెదర్లాండ్స్ ఆ ఏడాది ఛాంపియనే లేరని తేల్చింది.

గెలిచినవాళ్లు అసలు కప్పును ఇంటికి తీసుకెళ్తారా?

ప్రపంచకప్‌ను తీసుకెళ్లలేరు. 36.8 సెంటీమీటర్ల ఎత్తు, 6.175 కిలోల బరువు, 18 క్యారెట్ల బంగారం, అడుగున పచ్చటి మాలకైట్ రాయి. సంబరాలు అయ్యాక అసలుది ఫిఫా దగ్గరికే వెళ్తుంది, విజేతకు బంగారు పూత పోసిన కంచు నమూనా ఇస్తారు. అంతకు ముందున్న జూల్ రిమే కప్పును మూడుసార్లు గెలిచినందుకు 1970లో బ్రెజిల్‌కు శాశ్వతంగా ఇచ్చేశారు. 1983లో రియోలో దొంగలు ఎత్తుకుపోయారు, మళ్లీ దొరకలేదు. 1966లో లండన్‌లో పోయినప్పుడు పికిల్స్ అనే కుక్క పొదలో కనిపెట్టింది, రెండోసారి ఆ అదృష్టం లేకపోయింది.

మన డ్యూరాండ్ కప్ విజేతకు మూడు ట్రోఫీలు వస్తాయి. డ్యూరాండ్ కప్, సిమ్లా ట్రోఫీ రోలింగ్, అంటే తిరిగి ఇచ్చేయాలి. ప్రెసిడెంట్స్ కప్ మాత్రం గెలిచిన జట్టుకే ఉండిపోతుంది. 1950లలో రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు డ్యూరాండ్‌తో పాటు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. సంతోష్ ట్రోఫీ గెలిచినవాళ్లలో హైదరాబాద్ రెండుసార్లు, 1965-66లో ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి.

ఆఖరి రోజున ఇద్దరికి అవకాశం ఉంటే? ప్రీమియర్ లీగ్ దగ్గర ఒకేలాంటి రెండు ట్రోఫీలు ఉంటాయి, ఒక్కో మైదానానికి ఒకటి పంపుతారు. కప్పుకు కట్టే రిబ్బన్లు గెలిచిన క్లబ్ రంగుల్లో ఉంటాయి.

పతకాలు ఎంతమందికి?

ప్రీమియర్ లీగ్ ఛాంపియన్‌కు 40 పతకాలు ఇస్తుంది. ఆటగాడికి రావాలంటే కనీసం ఐదు మ్యాచులు ఆడాలి. ప్రపంచకప్‌లో 1974 వరకు ఫైనల్ ముగిసేసరికి మైదానంలో ఉన్న పదకొండు మందికే ఇచ్చేవాళ్లు, ఇప్పుడు జట్టు మొత్తానికి.

టాప్ స్కోరర్లు సమానమైతే?

ప్రపంచకప్‌లో అసిస్టులు (గోల్‌కు దారితీసిన పాసులు) చూస్తారు. 2010లో నలుగురికి ఐదేసి గోల్స్ ఉంటే మూడు అసిస్టులున్న థామస్ ముల్లర్‌కు గోల్డెన్ బూట్ దక్కింది. ప్రీమియర్ లీగ్‌లో పంచుతారు. 2018-19లో సలా, మానే, ఔబమెయాంగ్ 22 గోల్స్‌తో ముగ్గురూ అందుకున్నారు.

మేమే టోర్నమెంట్ పెడుతున్నాం. 11 జట్లు వచ్చాయి, డ్రా ఎలా వేయాలి?

నాకౌట్‌లో మొత్తం మ్యాచులు ఎప్పుడూ జట్ల సంఖ్యకు ఒకటి తక్కువ. 11 జట్లకు 10. 11 తర్వాత వచ్చే 16 లోంచి 11 తీస్తే 5, అన్ని జట్లకు బై, అంటే మొదటి రౌండ్ ఆడకుండానే తర్వాతి రౌండ్‌కు వెళ్లడం. మిగిలిన ఆరు జట్లు మొదటి రౌండ్‌లో మూడు మ్యాచులు ఆడతాయి. గెలిచిన మూడు, బై వచ్చిన ఐదు కలిసి ఎనిమిది, అక్కడి నుంచి క్వార్టర్స్. బైలు కూడా అందరి ముందూ చీటీ తీసే ఇవ్వండి. డ్రా పట్టికలో పై సగానికి మూడు, కింది సగానికి రెండు పడేలా చూడండి. ఎక్కువ బైలు ఒక వైపే పడితే అటు జట్టు తక్కువ మ్యాచులతో ఫైనల్‌కు చేరుతుంది.

ఎనిమిది జట్లుంటే నాలుగేసి రెండు గ్రూపులు మంచివి. 12 లీగ్ మ్యాచులు, రెండు సెమీస్, ఫైనల్, మొత్తం 15. ప్రతి జట్టుకు కనీసం మూడు మ్యాచులు దొరుకుతాయి. దూరం నుంచి బండి అద్దెకు తీసుకుని వచ్చే జట్లకు ఇది పెద్ద మాట.

రూల్స్ కాగితంలో తప్పకుండా ఏం ఉండాలి?

సమానమైతే చూసే వరుస, పైన చెప్పిన మూడు జట్ల వాక్యంతో సహా. ఎన్ని నిమిషాలు ఆలస్యమైతే వాకోవర్ (ఆడకుండానే ప్రత్యర్థికి గెలుపు), దానికి ఏ స్కోరు రాస్తారు. ఏడుగురి కన్నా తక్కువైతే మ్యాచ్ మొదలుపెట్టకూడదు. మధ్యలో ఒక జట్టు తప్పుకుంటే ఆ జట్టు ఆడిన మ్యాచులన్నీ పట్టికలోంచి తీసేయాలి, లేకపోతే దానితో ఆడిన వాళ్లకు పాయింట్లుండి ఆడనివాళ్లకు ఉండవు. వాన వల్ల ఆగిన మ్యాచ్ మళ్లీ మొదటి నుంచా, ఆగిన నిమిషం నుంచా. ఫిర్యాదు ఎంతసేపట్లో, ఎవరికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆటగాళ్ల జాబితా, పుట్టిన తేదీ పత్రాలు మొదటి మ్యాచుకు ముందే. ఈ కాగితం మీద ప్రతి కెప్టెన్ చేతా సంతకం పెట్టించి ఒక కాపీ ఇచ్చేయండి.

రోలింగ్ ట్రోఫీ ఇస్తున్నాం, తిరిగి వస్తుందన్న నమ్మకం ఎలా?

ఇచ్చేటప్పుడే కెప్టెన్, కోచ్ లేదా పీఈటీ చేత రసీదు రాయించుకోండి. అందులో ట్రోఫీ ఎత్తు, ఇచ్చేనాటికి ఉన్న సొట్టలు, తిరిగి ఇవ్వాల్సిన తేదీ ఉండాలి. వచ్చే టోర్నమెంట్‌కు కనీసం నెల ముందు తేదీ పెట్టండి, పాలిష్‌కు, పేరు చెక్కించడానికి ఆ వ్యవధి పడుతుంది. ముందూ వెనకా రెండు ఫొటోలు తీసి రసీదుకు జత చేయండి. విజేత పేరు చెక్కే ఇత్తడి పలకలు పీఠం చుట్టూ స్క్రూలతో బిగించేవి తీసుకోండి, జిగురుతో అంటించినవి రెండు వానాకాలాలకే ఊడిపోతాయి. శాశ్వతంగా ఉంచుకోవడానికి గెలిచిన జట్టుకు చిన్న కప్పు ఒకటి విడిగా ఇవ్వండి. పేరును మాత్రం ఫైనల్‌కు ముందు చెక్కించకండి. ఎఫ్ఏ కప్ ఫైనల్లో కూడా చెక్కేవాడు స్టేడియంలో పనిముట్లతో సిద్ధంగా కూర్చుని, ఆఖరి విజిల్ తర్వాతే పేరు చెక్కుతాడు.